కెర్నల్‌లో రిఫరెన్స్ కౌంట్లు: ఎవరు తీసుకున్నారో, ఎవరు వదలాలో తేల్చుకుని రాసే పద్ధతి

చిత్తూరు జిల్లాలో పలమనేరు వైపు ఉన్న ఏదో ఒక ఊరి పాల కేంద్రాన్ని ఊహించుకోండి. బల్క్ కూలింగ్ ట్యాంకులోని పాలను 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచాలి. ఆ ఉష్ణోగ్రతను యూఎస్‌బీ సెన్సర్ ద్వారా చదవడానికి లినక్స్‌తో నడిచే చిన్న కంప్యూటర్ ఒకటి అక్కడ ఉంది. ఒక ప్రోగ్రామ్ ఆ సెన్సర్ ఫైలును తెరిచి, తదుపరి రీడింగ్ కోసం కెర్నల్ లోపల నిద్రలో ఉంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోతుంది. జనరేటర్ అందుకునేలోగా యూఎస్‌బీ హబ్ ఆగిపోవడంతో కెర్నల్ మన డ్రైవర్ డిస్‌కనెక్ట్ ఫంక్షన్‌ను పిలుస్తుంది. ఆ ఫంక్షన్‌లో సెన్సర్ స్ట్రక్చర్‌ను నేరుగా కేఫ్రీతో విడుదల చేస్తే, నిద్ర లేచిన రీడ్ ఫంక్షన్ అప్పటికే వేరొకరి చేతికి వెళ్లిపోయిన మెమరీని తనదే అనుకుని చదువుతుంది. పోనీ విడుదల చేయకుండా వదిలేస్తే, కరెంటు పోయిన ప్రతిసారీ కొంత మెమరీ తిరిగిరాకుండా పోతుంది.

ఈ రెండు ప్రమాదాలనూ తప్పించేదే రిఫరెన్స్ కౌంట్, అంటే ఒక స్ట్రక్చర్‌ను ప్రస్తుతం ఎంతమంది పట్టుకుని ఉన్నారో చెప్పే అంకె. అది సున్నా అయినప్పుడే మెమరీని విడుదల చేస్తారు. తిరుపతి చుట్టుపక్కల ఇంజనీరింగ్ కళాశాలల్లో ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠం పూర్తిచేసి, ఒకటి రెండు కెర్నల్ మాడ్యూళ్లు రాసి చూసిన విద్యార్థులను దృష్టిలో పెట్టుకుని ఈ మార్గదర్శిని రాస్తున్నాను. సీ భాషలో పాయింటర్లు, లాకులు తెలిసి ఉంటే చాలు. పై సెన్సర్ డ్రైవర్‌నే మొదటినుంచి చివరివరకు ఉదాహరణగా తీసుకుంటాను. కూడడం, తీసివేయడం ఎవరికైనా వస్తుంది కనుక లెక్క పెట్టడంలో కష్టమేమీ లేదు. ఆ లెక్కలోని ప్రతి ఒక్క అంకెకు బాధ్యులెవరో చెప్పగలగడమే కష్టం, ఈ వ్యాసంలోని ప్రతి అడుగూ ఆ బాధ్యతను తేల్చడానికే.

మొదటి అడుగు: కోడ్ కంటే ముందు కాగితం

ఎడిటర్ తెరవకముందే ఒక కాగితం మీద మూడు గడులు గీయండి. మొదటి గడిలో ఈ స్ట్రక్చర్‌ను ఎవరు పట్టుకుంటారో, రెండో గడిలో ఏ క్షణంలో పట్టుకుంటారో, మూడో గడిలో ఏ క్షణంలో వదులుతారో రాయండి. మన సెన్సర్ విషయంలో ముగ్గురు తేలుతారు. మొదటిది డ్రైవర్ స్వయంగా పట్టుకునేది: పరికరం తగిలించగానే కెర్నల్ పిలిచే ప్రోబ్ ఫంక్షన్‌లో పుట్టి, డిస్‌కనెక్ట్ ఫంక్షన్‌లో ముగుస్తుంది. రెండోది తెరిచిన ప్రతి ఫైలూ పట్టుకునేది: ఓపెన్‌లో మొదలై, రిలీజ్‌లో ముగుస్తుంది. మూడోది వర్క్‌క్యూలో, అంటే తరువాత చేయడానికి కెర్నల్ వాయిదా వేసే పనుల వరుసలో, వేసిన పని పట్టుకునేది: పనిని క్యూలో వేయడానికి ముందు మొదలై, ఆ పని చివరి వాక్యంలో ముగుస్తుంది.

ఇక్కడ ఒక సందేహం సహజంగా వస్తుంది. రీడ్ ఫంక్షన్ నడుస్తున్నంతసేపు దానికి వేరే రిఫరెన్స్ అక్కర్లేదా? అక్కర్లేదు. రీడ్ నడుస్తున్నంతవరకు ఆ ఫైలు స్ట్రక్చర్‌ను వర్చువల్ ఫైల్ సిస్టమ్ పట్టుకునే ఉంటుంది కాబట్టి రిలీజ్ మధ్యలో రాదు. రిలీజ్ రానంతవరకు ఓపెన్‌లో తీసుకున్న రిఫరెన్స్ చెల్లుతుంది. అదేవిధంగా ఫోర్క్, డూప్ వంటి పిలుపుల వల్ల ఒకే ఫైలుకు ఎన్ని డిస్క్రిప్టర్లు ఏర్పడినా, వాటి లెక్కను ఫైలు స్ట్రక్చరే చూసుకుని చివరిది మూసినప్పుడు ఒక్కసారే మన రిలీజ్‌ను పిలుస్తుంది. ఈ విషయం తెలియక, ప్రతి ఫంక్షన్ మొదట్లో ఒకటి పెంచి చివర్లో ఒకటి తగ్గించే అలవాటు చేసుకున్నవారి కోడ్‌లో, నిజంగా అవసరమైన పెంపు ఏదో, భయంతో చేర్చింది ఏదో తరువాత చదివేవారికి అంతుపట్టదు.

కాగితంలోని మూడో గడి ఖాళీగా మిగిలిందంటే అక్కడ లీక్ ఉందన్నమాట. కోడ్ రాయకముందే అది దొరికింది.

రెండో అడుగు: సరైన రకాన్ని ఎంచుకోవడం

లినక్స్ కెర్నల్‌లో లెక్క ఉంచుకోవడానికి మూడు స్థాయిల సాధనాలు ఉన్నాయి. అన్నిటికంటే కింద అటామిక్_టి ఉంటుంది. అది కేవలం అంకె, దానికి వస్తువుల ఆయుష్షు గురించి ఏమీ తెలియదు. దాని పైన 2017లో 4.11 వెర్షన్‌తో వచ్చిన రెఫ్‌కౌంట్_టి. అన్నిటికంటే పైన, 2004లో గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ ప్రవేశపెట్టిన కేరెఫ్, లెక్క సున్నాకు చేరినప్పుడు ఏ ఫంక్షన్‌ను పిలవాలో చెప్పే పద్ధతిని కూడా తనతో తెచ్చింది. 4.11 నుంచి కేరెఫ్ లోపల ఉన్నది కూడా రెఫ్‌కౌంట్_టియే.

కొత్త కోడ్‌లో ఆయుష్షు లెక్కకు అటామిక్_టి వాడకండి. దీనికి కారణం 2016లో అందరికీ తెలిసింది. భద్రతా లోపాల జాబితాలో సీవీఈ-2016-0728 అనే సంఖ్యతో నమోదైన లోపం, రహస్య కీలను దాచే కెర్నల్ కీరింగ్ వ్యవస్థలో 3.8 వెర్షన్ నుంచీ ఉంది. ఒక ప్రాసెస్ తాను ఇప్పటికే వాడుతున్న సెషన్ కీరింగ్‌నే మళ్లీ పేరుతో అడిగితే, వెతికే ఫంక్షన్ లెక్కను ఒకటి పెంచి ఇచ్చేది. తీరా అది పాతదే అని తెలిసిన దారిలో ఆ ఒకటిని తగ్గించకుండానే కోడ్ బయటికి వచ్చేసేది. ఒక్కసారికి అది చిన్న లీక్ మాత్రమే. కాని ఆ లెక్క 32 బిట్ల అటామిక్ అంకె. అదే పిలుపును 4,29,49,67,296 సార్లు, అంటే 2కు 32వ ఘాతం సార్లు చేస్తే అంకె తిరిగి సున్నాకు వస్తుంది. అప్పుడు కెర్నల్ ఆ కీరింగ్‌ను ఎవరూ వాడడం లేదని నమ్మి విడుదల చేస్తుంది, దాడి చేసేవారి చేతిలో మాత్రం పాయింటర్ అలాగే ఉంటుంది. సాధారణ వినియోగదారు రూట్ అధికారం పొందడానికి ఆ దారి చాలు. సరిచేయడానికి పట్టింది ఆ దారిలో ఒక్క కీ_పుట్ మాత్రమే.

రెఫ్‌కౌంట్_టి ఈ దారిని వేరే విధంగా మూసేసింది. లెక్క తన పరిమితిని దాటబోతే అది చుట్టు తిరిగి సున్నాకు రాదు, 0ఎక్స్‌సి0000000 అనే విలువ దగ్గర స్థిరపడి, అక్కడినుంచి ఇక కదలదు. ఆ వస్తువు ఎప్పటికీ విడుదల కాదు. ఒక వస్తువు మెమరీ శాశ్వతంగా పోవడం నష్టమే అయినా, విడుదలైన మెమరీని ఎవరో వాడుకోవడం కంటే అది ఎంతో చిన్న నష్టం అన్న తీర్పు ఈ రూపకల్పనలో ఉంది. ఆ తీర్పు సరైనదని నేను గట్టిగా నమ్ముతాను. పైగా సున్నా మీద పెంచబోయినా, సున్నా కిందికి దించబోయినా రెఫ్‌కౌంట్_టి కెర్నల్ లాగ్‌లో హెచ్చరిక రాస్తుంది. అటామిక్_టి మౌనంగా ఉండిపోతుంది.

మూడో అడుగు: పుట్టుక, చావు

సెన్సర్ స్ట్రక్చర్‌లో కేరెఫ్‌ను పాయింటర్‌గా కాక నేరుగా ఒక సభ్యంగా పెట్టండి. ప్రోబ్‌లో మెమరీ కేటాయించిన వెంటనే, మరే పనీ చేయకముందే, కేరెఫ్_ఇనిట్‌ను పిలవండి. అది లెక్కను 1 చేస్తుంది, ఆ ఒకటి మన కాగితంలోని మొదటి వరుసది. ఇనిట్ తరువాత మళ్లీ కేరెఫ్_గెట్ పిలిచి రెండు చేయడం కొత్తవారి కోడ్‌లో తరచుగా కనిపిస్తుంది. ఆ రెండో అంకెకు కాగితంలో యజమాని లేరు కనుక అది ఎన్నటికీ తగ్గదు.

వదిలేటప్పుడు కేరెఫ్_పుట్‌కు రిలీజ్ ఫంక్షన్ పేరును తప్పనిసరిగా ఇవ్వాలి. లెక్క సున్నా అయినప్పుడు కెర్నల్ ఆ ఫంక్షన్‌ను పిలుస్తుంది. అందులో కంటైనర్_ఆఫ్ సాయంతో కేరెఫ్ చిరునామా నుంచి మొత్తం స్ట్రక్చర్ చిరునామాను రాబట్టి, లోపలి బఫర్లు, యూఎస్‌బీ పరికరం మీద తీసుకున్న రిఫరెన్స్, చివరగా స్ట్రక్చర్‌ను వరుసగా విడుదల చేయాలి. ఖాళీ రిలీజ్ ఫంక్షన్ రాసి హెచ్చరికను తప్పించుకోవడమో, రిలీజ్ స్థానంలో నేరుగా కేఫ్రీని ఇవ్వడమో చేయకండి. కేరెఫ్ స్ట్రక్చర్‌లో మొదటి సభ్యం కానప్పుడు కేఫ్రీకి అందేది తప్పుడు చిరునామా.

ప్రోబ్ మధ్యలో ఏదైనా విఫలమైతే? అక్కడా కేరెఫ్_పుట్‌నే పిలవండి. అప్పుడు శుభ్రం చేసే కోడ్ ఒక్కచోటే ఉంటుంది. ఇందుకోసం స్ట్రక్చర్‌ను సున్నాలతో నింపి కేటాయించాలి. అలా చేస్తే ఇంకా కేటాయించని బఫర్లు నల్‌గా ఉంటాయి, కేఫ్రీకి నల్ ఇవ్వడం తప్పు కాదు.

చివరి కేరెఫ్_పుట్ ఏ సందర్భంలో జరుగుతుందో ముందుగానే ఆలోచించండి. ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లోనో, స్పిన్‌లాక్ పట్టుకున్న చోటనో అది జరిగే అవకాశం ఉంటే, రిలీజ్ ఫంక్షన్ నిద్రపోయే పనులు చేయరాదు. నిద్రపోక తప్పకపోతే, ఆ పనిని వర్క్‌క్యూకు అప్పగించాలి. కెర్నల్‌లోని ఎఫ్‌పుట్ కూడా ఫైలు అసలు మూసివేతను ఇలాగే వాయిదా వేస్తుంది.

నాలుగో అడుగు: మరొకరికి అప్పగించడం

పాయింటర్‌ను మరొక థ్రెడ్‌కో, వర్క్‌క్యూకో, టైమర్‌కో ఇచ్చేటప్పుడు ఇవ్వడానికి ముందే లెక్క పెంచాలి. ఇచ్చిన తరువాత పెంచితే, మనం పెంచేలోగానే అవతలి థ్రెడ్ తన పని ముగించి తగ్గించవచ్చు, లెక్క సున్నా కావచ్చు. ఎప్పుడో ఒకసారి, ప్రాసెసర్లు ఎక్కువున్న యంత్రం మీద మాత్రమే ఇది బయటపడుతుంది.

ఇందులోనే మరొక మెలిక ఉంది. షెడ్యూల్_వర్క్ ఫంక్షన్, ఆ పని అప్పటికే క్యూలో ఉంటే, మళ్లీ చేర్చకుండా తప్పు (ఫాల్స్) అని తిరిగి చెబుతుంది. రెండుసార్లు అడిగినా పని నడిచేది ఒక్కసారే, తగ్గించేదీ ఒక్కసారే. కాబట్టి ముందు కేరెఫ్_గెట్, తరువాత షెడ్యూల్_వర్క్, అది తప్పు అంటే వెంటనే కేరెఫ్_పుట్ అన్న మూడు వాక్యాలను ఎప్పుడూ కలిపే రాయండి. కేథ్రెడ్_రన్ విఫలమైన సందర్భానికీ ఇదే నియమం వర్తిస్తుంది: రాని థ్రెడ్ కోసం తీసుకున్న రిఫరెన్స్‌ను మనమే వదలాలి.

రిఫరెన్స్‌ను వదిలిన తరువాత ఆ పాయింటర్‌ను ముట్టుకోకండి. లాగ్‌లో సెన్సర్ సీరియల్ నంబర్ ముద్రించడానికైనా సరే. ఆ ముద్రణను కేరెఫ్_పుట్ కంటే ముందుకు జరపండి. లెక్కను చదివి, ఒకటే ఉంది కాబట్టి నేనొక్కడినే అని నిర్ణయాలు తీసుకోవడం కూడా ఇలాంటిదే. చదివిన క్షణానికీ నిర్ణయించే క్షణానికీ మధ్య ఆ అంకె మారిపోవచ్చు. లెక్కను చదవడం డీబగ్గింగ్‌కు మాత్రమే.

ఐదో అడుగు: జాబితాలో వెతికి పట్టుకోవడం

ఇప్పటిదాకా చెప్పినదంతా, చేతిలో ఇప్పటికే చెల్లుబాటయ్యే రిఫరెన్స్ ఉన్నవారు మరొకరికి ఇచ్చే సందర్భం. చేతిలో ఏమీ లేకుండా, ఒక జాబితాలో వెతికి వస్తువును పట్టుకోవలసి వచ్చినప్పుడే అసలైన చిక్కు మొదలవుతుంది. నేను చూసిన రిఫరెన్స్ కౌంట్ లోపాల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుట్టాయి కాబట్టి ఈ అడుగు దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుదాం.

మన డ్రైవర్ అన్ని సెన్సర్లనూ ఒక జాబితాలో ఉంచి, సీరియల్ నంబర్‌తో వెతికి ఇచ్చే ఫంక్షన్ ఒకటి అందిస్తుందనుకోండి. ఒక థ్రెడ్ జాబితాలో తనకు కావలసిన సెన్సర్‌ను కనుగొంది. కేరెఫ్_గెట్ పిలవబోతోంది. ఆ రెండింటి నడుమ మరొక థ్రెడ్ చివరి రిఫరెన్స్‌ను వదిలేసింది, లెక్క సున్నా అయింది, రిలీజ్ నడిచింది. ఇప్పుడు మొదటి థ్రెడ్ పెంచబోయేది విడుదలైన మెమరీలోని ఏదో అంకెను. రెఫ్‌కౌంట్_టి ఇక్కడ హెచ్చరించగలిగితే అది అదృష్టమే. ఆ మెమరీని అప్పటికే మరొకరు తీసుకుని ఉంటే హెచ్చరిక కూడా రాదు.

దీనికి రెండు నిజాయితీ అయిన పరిష్కారాలున్నాయి, రెండింటినీ కలపకూడదు. మొదటి పరిష్కారంలో జాబితాకే సొంతంగా ఒక రిఫరెన్స్ ఉంటుంది. కాగితంలో దానికొక వరుస చేర్చండి. వెతికేవారు మ్యూటెక్స్ పట్టుకుని, కనుగొని, కేరెఫ్_గెట్ చేసి, మ్యూటెక్స్ వదులుతారు. డిస్‌కనెక్ట్ అదే మ్యూటెక్స్ కింద సెన్సర్‌ను జాబితా నుంచి తీసి, తరువాత జాబితా తరఫు రిఫరెన్స్‌ను వదులుతుంది. జాబితాలో ఉన్నంతకాలం లెక్క కనీసం ఒకటి ఉంటుంది కాబట్టి వెతికేవారికి సున్నా ఎదురవదు. సాధ్యమైన ప్రతిచోటా ఈ పద్ధతినే ఎంచుకోండి. చదవడానికి, నిరూపించడానికి ఇదే తేలిక.

రెండో పరిష్కారంలో జాబితాకు రిఫరెన్స్ ఉండదు, వస్తువు చనిపోయేటప్పుడు తానే జాబితా నుంచి బయటికి వస్తుంది. క్యాష్‌ల వంటి చోట్ల ఇది అవసరమవుతుంది. అప్పుడు వెతికేవారు కేరెఫ్_గెట్ బదులు కేరెఫ్_గెట్_అన్‌లెస్_జీరో వాడాలి. లెక్క అప్పటికే సున్నా అయితే అది పెంచకుండా తప్పు అని చెబుతుంది, వెతికేవారు ఆ వస్తువు లేనట్టే భావించాలి. అయితే సున్నా అని చదవడానికైనా ఆ మెమరీ అక్కడ ఉండాలి కదా. అందుకే వెతకడం లాక్ కింద జరగాలి, రిలీజ్ ఫంక్షన్ అదే లాక్ తీసుకుని జాబితా నుంచి తొలగించిన తరువాతే మెమరీని విడుదల చేయాలి. సున్నాకు చేరడం, లాక్ తీసుకోవడం ఒకే అడుగుగా జరగడానికి కేరెఫ్_పుట్_మ్యూటెక్స్ ఉంది. దాన్ని వాడితే లాక్ పట్టుకున్న స్థితిలోనే రిలీజ్ మొదలవుతుంది, లాక్‌ను రిలీజే వదలాలి. ఇది మరిచిపోతే మరుసటి వెతుకులాట దగ్గర వ్యవస్థ నిలిచిపోతుంది.

చదివేవారు లాక్ తీసుకోకుండా చదవగలిగే ఆర్‌సీయూ అనే కెర్నల్ పద్ధతి కింద వెతకవలసి వస్తే, కేరెఫ్_గెట్_అన్‌లెస్_జీరోతో పాటు మెమరీని కేఫ్రీ_ఆర్‌సీయూతో విడుదల చేయాలి. అప్పటికే చదువుతున్నవారందరూ బయటపడేవరకు అది మెమరీని ఆపి ఉంచుతుంది. స్లాబ్_టైప్‌సేఫ్_బై_ఆర్‌సీయూ గుర్తుతో సృష్టించిన క్యాష్‌లలో ఇది కూడా చాలదు. అక్కడ ఆర్‌సీయూ చదువు నడుస్తుండగానే ఆ మెమరీ అదే రకానికి చెందిన మరొక వస్తువుగా మారిపోవచ్చు. అందువల్ల రిఫరెన్స్ దొరికిన తరువాత సీరియల్ నంబర్‌ను మళ్లీ సరిచూసుకుని, మారి ఉంటే వదిలేసి మొదటినుంచి వెతకాలి.

మన ఉదాహరణలోని ఓపెన్ ఫంక్షన్ కూడా నిజానికి ఒక వెతుకులాటే. అది మైనర్ నంబర్ నుంచి సెన్సర్‌ను కనుగొంటుంది. అక్కడ యూఎస్‌బీ కోర్ మనకు సాయం చేస్తుంది. ఓపెన్‌ను పిలిచేటప్పుడు అది మైనర్ నంబర్ల పట్టిక సెమాఫోర్‌ను చదివేవారి పద్ధతిలో పట్టుకుని ఉంటుంది. డిస్‌కనెక్ట్‌లో మనం పిలిచే యూఎస్‌బీ_డీరిజిస్టర్_డెవ్ అదే సెమాఫోర్‌ను రాసేవారి పద్ధతిలో కోరుతుంది. కనుక డిస్‌కనెక్ట్‌లో ముందు డీరిజిస్టర్, తరువాతే కేరెఫ్_పుట్ అన్న క్రమం తప్పకూడదు.

ఆరో అడుగు: మెమరీ ఉండడం వేరు, పరికరం ఉండడం వేరు

రిఫరెన్స్ కౌంట్ ఇచ్చే హామీ ఒక్కటే: ఈ స్ట్రక్చర్ మెమరీ ఇంకా మనదే. పరికరం ఇంకా తగిలించి ఉందని అది చెప్పదు, లోపలి విలువలను ఇద్దరు ఒకేసారి మార్చకుండా ఆపదు. ఆ రెండు పనులకూ వేరే మ్యూటెక్స్, వేరే గుర్తు ఉండాలి. డిస్‌కనెక్ట్ ఆ మ్యూటెక్స్ కింద "తొలగింది" అన్న గుర్తును పెట్టి, నిద్రలో ఉన్న రీడ్‌లను లేపాలి. రీడ్ లేచిన ప్రతిసారీ అదే మ్యూటెక్స్ కింద ఆ గుర్తును చూసి, పరికరం లేదన్న ఎర్రర్‌తో వెనుదిరగాలి. పాల కేంద్రంలో నడిచే ప్రోగ్రామ్ ఆ ఎర్రర్ చూసి ఫైలు మూసి, సెన్సర్ మళ్లీ లేచాక తిరిగి తెరుస్తుంది. అది మూసిన క్షణంలో పాత స్ట్రక్చర్ చివరి రిఫరెన్స్ పోయి, మెమరీ సక్రమంగా తిరిగివస్తుంది. కెర్నల్ మూలంలోనే ఉన్న యూఎస్‌బీ స్కెలెటన్ డ్రైవర్ ఈ క్రమాన్ని పాటిస్తుంది, దాన్ని పక్కన పెట్టుకుని చదవండి.

మెమరీ వ్యవస్థలోని పెద్ద స్ట్రక్చర్లలో ఈ తేడా ఎంత ముఖ్యమంటే, ఒకే వస్తువుకు రెండేసి లెక్కలు ఉంటాయి. ఒక ప్రాసెస్ చిరునామా స్థలాన్ని సూచించే ఎంఎం_స్ట్రక్ట్‌లో ఎంఎం_యూజర్స్, ఎంఎం_కౌంట్ అని రెండు ఉన్నాయి. మొదటిది ఆ చిరునామా స్థలాన్ని నిజంగా వాడుతున్న థ్రెడ్ల లెక్క. అది సున్నా అయితే మ్యాపింగులు తొలగిపోతాయి. రెండోది స్ట్రక్చర్ ఉనికి లెక్క, వాడుకదారులందరూ కలిసి అందులో ఒక్కటిగానే లెక్కకు వస్తారు. తనకంటూ చిరునామా స్థలం లేని కెర్నల్ థ్రెడ్ ముందు నడిచిన ప్రాసెస్ స్థలాన్ని తాత్కాలికంగా అరువు తీసుకున్నప్పుడు రెండో లెక్క అవసరమవుతుంది. మొదటిదానికి ఎంఎంగెట్, ఎంఎంపుట్, రెండోదానికి ఎంఎంగ్రాబ్, ఎంఎండ్రాప్ జతలు. ఒక జతలో తీసుకుని మరో జతతో వదిలితే రెండు లెక్కలూ చెడిపోతాయి. పేజీ స్ట్రక్చర్‌లో కూడా _రెఫ్‌కౌంట్ ఉనికికి, _మ్యాప్‌కౌంట్ పేజీ టేబుళ్లలోని మ్యాపింగులకు సంబంధించినవి. రెండోది సున్నాతో కాక -1తో మొదలవుతుంది, డంపులు చదివేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

ఏడో అడుగు: పరీక్షించడం

కళాశాల ల్యాబ్ యంత్రాల మీద నేరుగా ప్రయోగించకుండా క్యూఈఎంయూ వర్చువల్ యంత్రంలో, కేఎసాన్ చేర్చి నిర్మించిన కెర్నల్ మీద నడపండి. విడుదలైన మెమరీని ముట్టుకున్న చోటును కేఎసాన్ వెంటనే చూపిస్తుంది, ఆ మెమరీని ఎవరు కేటాయించారో, ఎవరు విడుదల చేశారో కూడా చెబుతుంది. సాధారణ పద్ధతిలో అది మెమరీలో ఎనిమిదో వంతును తన నీడ పట్టికకు తీసుకుంటుంది కనుక యంత్రానికి కాస్త ఎక్కువ మెమరీ ఇవ్వండి.

కేబుల్ పీకనక్కర్లేదు. కెర్నల్ తన పరికరాలను, డ్రైవర్లను ఫైళ్లుగా చూపే సిస్‌ఎఫ్‌ఎస్‌లో డ్రైవర్ డైరెక్టరీలోని అన్‌బైండ్ ఫైలుకు ఇంటర్‌ఫేస్ పేరు రాస్తే డిస్‌కనెక్ట్ నడుస్తుంది, బైండ్ ఫైలుకు రాస్తే ప్రోబ్ నడుస్తుంది. ఒక టెర్మినల్‌లో ఈ రెండింటినీ లూప్‌లో పెట్టి, మరో రెండు మూడు టెర్మినల్‌లలో తెరవడం, చదవడం, మూయడం లూప్‌లో పెట్టి రాత్రంతా నడవనివ్వండి. మేటి ప్రోగ్రామర్ కోడ్‌కైనా ఈ పరీక్ష తప్పనిసరి.

లీక్‌ల కోసం కేమెమ్‌లీక్ ఉంది, కాని దాని పరిమితి తెలిసి వాడాలి. ఏ పాయింటరూ చూపని మెమరీనే అది పట్టుకుంటుంది. లెక్క ఎక్కువై విడుదల కాని వస్తువు ఇంకా ఏదో జాబితాలో ఉంటే కేమెమ్‌లీక్ దృష్టిలో అది లీక్ కాదు. అలాంటి చోట 2022లో 5.17 వెర్షన్‌తో వచ్చిన రెఫ్_ట్రాకర్ పనికొస్తుంది. అది ప్రతి రిఫరెన్స్‌నూ తీసుకున్న చోటి స్టాక్‌తో సహా గుర్తుపెట్టుకుని, వదలనివాటిని చూపిస్తుంది. మొదటి అడుగులో మనం కాగితం మీద రాసిన పట్టికను ఇది యంత్రం చేత రాయిస్తుంది. నెట్‌వర్క్ పరికరాల కోడ్‌లో, ఎవరో వదలని ఒక్క రిఫరెన్స్ కోసం పరికరం తొలగింపు అంతులేకుండా ఎదురుచూసే సమస్యకు విరుగుడుగానే దీన్ని తెచ్చారు.

లాగ్‌లో రెఫ్‌కౌంట్_టి హెచ్చరిక కనిపిస్తే దాన్ని ఇలా చదవండి. సున్నా మీద కూడిక అని వస్తే, ఐదో అడుగులో చెప్పిన వెతుకులాట లోపం కోసం చూడండి. అండర్‌ఫ్లో అని వస్తే ఎవరో రెండుసార్లు వదిలారు, లేదా తీసుకోకుండా వదిలారు. ఎర్రర్ దారుల్లోని గోటూ లేబుళ్లను ముందు పరిశీలించండి. శాచురేటెడ్ అని వస్తే ఒక లీక్ చాలాకాలంగా తిరుగుతోంది, లేదా ఎవరో కావాలని తిప్పుతున్నారు. హెచ్చరిక వచ్చిన చోటే తప్పు జరిగిందని అనుకోకండి. అది లెక్క తేడా బయటపడిన చోటు మాత్రమే, తప్పు జరిగినది సాధారణంగా చాలా ముందు, వేరే ఫంక్షన్‌లో.

ఎర్రర్ దారుల లోపాలను తగ్గించడానికి 2023లో 6.5 వెర్షన్ నుంచి క్లీనప్ హెడర్ అందుబాటులోకి వచ్చింది. దానితో ఒక స్థానిక పాయింటర్ పరిధి దాటగానే కంపైలరే పుట్‌ను పిలిచేలా ప్రకటించవచ్చు. డివైస్ ట్రీ నోడ్లను లూప్‌లో చదువుతూ మధ్యలో బ్రేక్ చేసేటప్పుడు ఓఎఫ్_నోడ్_పుట్ మరిచిపోవడం వంటి తప్పులకు ఇది మంచి మందు. రిఫరెన్స్‌ను ఫంక్షన్ బయటికి అప్పగించే చోట మాత్రం ఆ పాయింటర్‌ను తిరిగి ఇచ్చేటప్పుడు నో_ఫ్రీ_పిటిఆర్‌తో ఇవ్వాలి. లేకపోతే ఇచ్చిన మరుక్షణమే అది వదిలిపోతుంది.

ప్యాచ్ పంపే ముందు మొదటి అడుగులోని పట్టికను స్ట్రక్చర్ నిర్వచనం పైన వ్యాఖ్యగా రాయండి. రిఫరెన్స్‌తో సహా పాయింటర్ తిరిగి ఇచ్చే ప్రతి ఫంక్షన్ పైన, పిలిచినవారే దాన్ని వదలాలని ఒక్క వాక్యం చేర్చండి. కీరింగ్ లోపంలో వెతికే ఫంక్షన్ పెంచి ఇస్తుందన్న సంగతి, దాన్ని పిలిచిన కోడ్‌లోని ఒకే ఒక దారికి తెలియలేదు.